బస్సు ఆపిన కాక

మా కంపెనీ బస్సు నడిపే కాక చనిపోయాడని సోమవారం పొద్దున ఇస్నాపూర్ స్టాపులో తెలిసింది. స్టీరింగ్ ముందు వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. "నిన్న ఛాతీల నొస్తుందన్నడట. దవాఖానకు పోయేలోపట్నే అయిపోయింది," అన్నాడు. 

కాక మీకు తెలియదు. పేపర్లో పడే మనిషి కాదు. ఊళ్లో భూమి ప్లాట్లైపోయాక డ్రైవింగుకు వచ్చాడు. ఎవరైనా ఆలస్యమైతే హారన్ కొట్టకుండా పల్లీలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు. "ఉర్కకు, పడ్తవ్. నేనేడికి వోతున్న?" అనేవాడు. ఆడవాళ్లు దిగి రోడ్డు దాటేదాకా బండి కదిలించేవాడు కాదు.

ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి.

ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకతను మాతోపాటే బస్సెక్కేవాడు. ఇంకొకతనితో కలిసి కిరాయి గదిలో ఉండేవాడు. ఒకరోజు క్యాంటీన్‌లో ఏదో వీడియో చూడమని ఫోన్ నా చేతికిచ్చాడు. వేలు జరిపితే వాళ్లిద్దరి ఫొటో వచ్చింది. ఉత్త స్నేహితుల ఫొటో కాదని చూడగానే తెలిసిపోయింది. ఆ సాయంత్రమే బస్సులో ఇద్దరికి చెప్పాను, నవ్వుకోవడానికి. వారం తిరక్కుండా బస్సంతా పాకింది.

ఇక అతను ఎక్కగానే ఖాళీ సీట్ల మీదికి బ్యాగులు వచ్చేవి. నా బ్యాగు కూడా. అతను తలుపు దగ్గర రాడ్ పట్టుకుని నిలబడేవాడు.

మూడో రోజు ముత్తంగి దాటగానే కాక బండి పక్కకు తీసి ఆపేశాడు.

"అందరు కూసున్నంకనే పోత."

"టైమైతుంది కాకా. వాడు గట్లాంటోడు, నీకు తెల్వదు," అన్నారెవరో వెనక నుంచి.

"తెలుసు. గా ముచ్చట నాకు సమజ్ గాదు. సమజ్ గాలేదని మనిషిని నిలవెడ్తమా?"

నేను బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ధైర్యంతో కాదు, గేటు దగ్గర ఆలస్యం రాస్తారన్న భయంతో. అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం దిగుతుంటే కాక నన్ను ఆపాడు. "గా ముచ్చట నీ నోట్లకెళ్లే వచ్చిందట గదా." తల దించుకున్నాను. "మొదట్ల నేను గూడ నవ్విన. ఇంటికి పోయినంక నాకే బాగనిపియ్యలే. తప్పయిందని నువ్వే జెర ఆ పిలగానికి చెప్పుకో."

చెప్తానన్నాను. ఏడాది గడిచింది. అతనూ నేనూ పక్కపక్కనే కూర్చుని వాన గురించి, ఓవర్‌టైం గురించి మాట్లాడుకునేవాళ్లం. అప్పుడప్పుడు కాక మెల్లగా "చెప్పినవా?" అనేవాడు. "రేపు చెప్త కాకా," అనేవాణ్ని. ఆయన ఎన్నడూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

కాక వాళ్లను అర్థం చేసుకున్నాడని నేను అనను. అర్థం కాకుండానే చోటిచ్చాడు. మాకు అదీ చేతకాలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం పర్మిషన్ తీసుకుని అందరం కాక ఊరికి వెళ్లాం. ప్యాకింగ్ అతను తన గదిలో ఉండే మనిషి బండి వెనక కూర్చుని వచ్చాడు. దహనం అయ్యాక బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే అతనొక్కడే నా పక్కన ఉన్నాడు. ఇక ఆగలేకపోయాను.

"గా ఫొటో ముచ్చట అందరికి చెప్పింది నేనే."

"తెలుసన్నా."

"కాక చెప్పిండా?"

"ఎవ్వరు చెప్పలే. నా ఫోను నీకొక్కనికే ఇచ్చిన. ఏడాది సంది పక్కన కూసుంటున్నవ్, ఒక్కనాడు నా మొఖంలకు సూడలే."

మాఫ్ చెయ్యమన్నాను. తల ఊపాడు. సరేననా, విన్నాననా? నాకు ఇప్పటికీ తెలియదు.

ఇద్దరూ బండెక్కారు. మా దగ్గర మగవాళ్లు భుజాన చేయి వేసుకుని బండి మీద పోవడం రోజూ కనిపించేదే, ఎవరూ తల తిప్పి చూడరు. వెనక కూర్చున్న అతను ముందున్నవాడి భుజం మీద చేయి వేశాడు. టీ కొట్టు ముందు మా బస్సువాళ్లు నిలబడి ఉండటం చూసి తీసేశాడు. కొట్టు దాటాక మళ్లీ వేస్తాడేమోనని చూస్తూ నిలబడ్డాను. మధ్యలో ఒక లారీ అడ్డం వచ్చింది.