రాకుమారుడి కుర్చీ

మా ఎదురింటి అంకుల్ పోయారన్న కబురు అమెరికాలోని మా నోవై ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. అవి ఆగకముందే ఎవరో స్నో టైర్లు అమ్మకానికి పెట్టారు. ఒళ్ళు మండిపోయింది. ఫోన్ సోఫాలోకి విసిరేసి, ఎదురింట్లో ఆంటీ దగ్గరికి పరిగెత్తాను.

అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీరు. బ్రేకుల పని మీద జర్మనీ వెళ్ళివస్తూ ఆ భాష నేర్చుకున్నారు. రిటైరయ్యాక స్నేహితులు గోల్ఫ్ పట్టుకుంటే, ఆయన మధ్యయుగాల జర్మన్ కథల్ని పట్టుకున్నారు. మన తూర్పు దేశాల్లో పుట్టి, భాషలు మారుతూ, లాటిన్ మీదుగా అక్కడికి చేరిన కథలవి. ఒకరు పద్యంలో రాశారు, మరొకరు వచనంలో. ప్రతివాళ్ళూ తమ ఊరికి తగ్గట్టు మార్చుకున్నారు. పసివాణ్ణి పాము నుంచి కాపాడి, తొందరపడ్డ యజమాని చేతిలో చచ్చిపోయే మన ముంగిస అక్కడ వేటకుక్క అయింది. యజమాని గుర్రమెక్కే వీరుడయ్యాడు. "ముంగిస మారిపోయిందమ్మా, తొందరపాటు మాత్రం మారలేదు చూశావా!" అని అంకుల్ తెగ సంబరపడేవారు.

ఆ కథలన్నిటికీ బయట ఒక పెద్ద కథ ఉంది. సవతితల్లి రాణి, తన మీద చెయ్యి వేశాడని రాకుమారుడి మీద లేనిపోని నింద వేస్తుంది. ఏడు రోజుల్లోపు నోరు విప్పితే చస్తాడని జాతకం చెప్పింది కనక అతను మాట్లాడడు. చంపెయ్యమని రాణి రోజుకో కథ చెబుతుంది. ఆగమని గురువుల్లో ఒకరు రోజుకో కథ చెబుతారు. వింటున్న రాజు మనసు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది.

శనివారాలు మా తెలుగు అసోసియేషన్ హాల్లో అంకుల్ ఇవన్నీ పిల్లలకి చెప్పేవారు. ఇంటి నుంచి తెచ్చిన నీలం మడత కుర్చీ మధ్యలో వేసి, వారానికొకరిని అందులో కూర్చోబెట్టేవారు. అది రాకుమారుడి కుర్చీ. కూర్చున్నవాళ్ళు క్లాసు అయ్యేదాకా నోరు మెదపకూడదు. "బట్ హి డిడ్‌న్ట్ డూ ఇట్, అంకుల్!" అని మా అమ్మాయి ఏడుపు మొహం పెట్టేది.

"మరి అదే కదరా! కథ ఎవరు చెప్తున్నారు, ఎవరికి, ఎందుకు? అది తెలీకుండా ఏదీ మింగెయ్యకండి" అనేవారు ఆయన. నాకొచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌లకి నేను ఇప్పటికీ ఈ పరీక్షే పెడతాను.

రాణి వేసిన నింద పిల్లలకి తగదని కమిటీ ఆ క్లాసు ఆపించింది. ఆ టైమ్‌లో కోడింగ్ నేర్పిస్తున్నారు. అంకుల్ గొడవపడలేదు. కుర్చీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, మొత్తం తెలుగులో రాయడం మొదలుపెట్టారు. టైప్ చేసింది నేను. హాస్పిటల్‌లో కూడా ఆంటీతో, నాతో ఒకటే మాట: "పుస్తకం వెయ్యకపోయినా పర్లేదమ్మా. ముక్కలు మాత్రం చెయ్యొద్దు."

సంతాపసభ అదే హాల్లో పెట్టారు. ఆ నీలం కుర్చీ మీద సమోసాల ట్రే పెట్టారు. క్లాసు ఆపించిన ప్రెసిడెంటే మైకు పట్టుకుని, తెర మీద ఎవరి పెంపుడు కుక్కదో ఫోటో వేసి, వేటకుక్క కథని రెండు ముక్కల్లో తేల్చేశాడు. నీతి ఏమిటయ్యా అంటే, పెట్స్‌ని ప్రేమించాలట! చంపబోతున్న రాజు చెయ్యి ఆపడానికి చెప్పిన కథ అది.

అంతటితో ఊరుకున్నాడా! "అంకుల్ మెమరీలో చిన్న బుక్ వేద్దాం. బయటి స్టోరీ కొంచెం హెవీ కదా, అది తీసేద్దాం. కవర్ మీద డాగ్. ఆంటీ, మీరు ఓకే అంటే రేపే ప్రింట్‌కి ఇచ్చేస్తా" అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఆంటీ లేచింది. నేరుగా వెళ్ళి సమోసాల ట్రే తీసి నేల మీద పెట్టింది. నూనె మరక పమిటతో తుడిచి, కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ, ఒక్క మాట..." అంటూ ప్రెసిడెంట్ మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

ఆంటీ పెదవి విప్పలేదు. అంకుల్ దగ్గర కథలు విన్న పిల్లలు, ఇప్పుడు మీసాలొచ్చినవాళ్ళూ కాలేజీలకెళ్ళేవాళ్ళూ, ఒక్కొక్కరే చేతిలో ప్లేట్లు కింద పెట్టేశారు. ప్రెసిడెంట్ మాత్రం మైకు చాచి అలాగే నిలబడి ఉన్నాడు.