జాలీకి కట్టిన రెండు దారాలు

పోయిన వారం ఒక మధ్యాహ్నం, మేడ మీద ఎండబెట్టిన మిరపకాయల్ని తిరగేసి నేను కిందికి దిగుతుంటే, పోలీసు స్టేషను నుంచి ఒక కానిస్టేబులు అడ్రసు వెతుక్కుంటూ మా మార్టూరు ఇంటికి వచ్చాడు. చైనా నుంచి ఒకమ్మాయి ఇక్కడికి రావడానికి వీసాకు పెట్టుకుందని, దిగే ఇంటి అడ్రసు మాదే ఇచ్చిందని, అందుకని విచారణకు వచ్చానని మర్యాదగానే చెప్పి, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఆ అమ్మాయి మీకేమవుతుందండీ?" అని అడిగాడు. చెల్లెలి కూతురని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు, చివరికి చెప్పిందీ అదే. కాని ఆ మాట కంటే ముందు ఇంకో మాట నోటిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట ఇదే వరండాలో ఎవరడిగినా నేను "మా అమ్మాయే" అనేదాన్ని.

మా పుట్టింటి వాళ్ళది దూది ఏకి పరుపులు కుట్టే వృత్తి. ముసల్మానులమైనా మా ఇంట్లో తాతల నాటి నుంచీ తెలుగే. అమ్మ పోయాక నాన్నా, నేనూ, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నదైన చెల్లీ మిగిలాం. నన్ను ఊళ్ళోనే, గ్రానైటు రాళ్ళు మోసే లారీ డ్రైవరుకిచ్చి చేశాడు నాన్న, కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ రెండు వీధుల దూరమే. మా ఊళ్ళో అప్పుడప్పుడే రాళ్ళు పాలిషు పట్టే ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. పగలంతా రంపాల మోత, సాయంత్రానికి చెట్ల ఆకుల మీద తెల్లటి రాతిపొడి, చలికాలం పోయి మిరప కోతలు మొదలైతే దానికి తోడు ఊరంతా కమ్ముకునే ఘాటు. చెల్లి ఇంటరు దాకా చదివి ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు రాయడానికి కుదిరింది.

ఆ ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చాడు చైనా మనిషి. వాళ్ళ ఊరు సముద్రపు ఒడ్డున, అక్కడి వాళ్ళందరికీ రాయి కోసే యంత్రాలు చేయడమే పనట. లాడ్జిలో పరుపు మెత్తన ఎక్కువై అతనికి నడుం పట్టేసింది. నాన్న కొట్టుకు వచ్చి, చేతులతో సైగలు చేసి, పలచగా గట్టిగా ఒక పరుపు కావాలని చెప్పుకున్నాడు. ఇది పరుపా చాపా అని సణుక్కుంటూనే నాన్న కుట్టిచ్చాడు. ఆ శుక్రవారం మసీదులో నాన్న పక్కన వరసలో ఎవరో వచ్చి నిలబడ్డారు, చూస్తే అతనే. చైనాలో కూడా నమాజు చేసేవాళ్ళుంటారని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నమాజు అయ్యాక నాన్న అతన్ని ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు. మా కూర నాలిక మీద పెట్టుకుని అతను తుమ్మిన తుమ్ములకు చెల్లి వంటింట్లోకి పరిగెత్తి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఏదో ఉందని నాకప్పుడే అనుమానం.

ఆ తరువాత జరిగింది మీరు ఊహించుకోగలరు. బంధువులు వెక్కిరించారు, నాన్నకు చైనా అల్లుడొస్తున్నాడు, ఇంక ఇంట్లో కప్పల పులుసేనని. నాన్నది మాత్రం ఒకటే మాట: "నా పక్కన నిలబడి నమాజు చేసినోడు నాకు పరాయోడెట్టా అవుతాడ్రా?" ఖాజీ వచ్చి నిఖా చదివాడు. రెండు నెలలు కాపురం చేశాక మరిదికి ఇక్కడుండే గడువు అయిపోయింది. తను ముందు వెళ్ళి భార్యకు వీసా పంపిస్తానని వెళ్ళాడు.

పెళ్ళయిన పిల్ల మొగుడి ఊరికి వెళ్ళడానికి టికెట్టు తప్ప ఇంకేదైనా కావాలని మా ఇంట్లో ఎవరికి తెలుసు గనక? గుంటూరులో ఒక ఏజెంటును పట్టుకుని ఢిల్లీకి కాగితాలు పంపితే, ఖాజీ ఇచ్చిన కాగితం చాలదని తిప్పి పంపారు. సర్కారు దగ్గర పెళ్ళి రిజిస్టరు కావాలట, దానికి మరిది మళ్ళీ రావాలట, వచ్చేటప్పుడు తనకు అంతకుముందు పెళ్ళి కాలేదని వాళ్ళ ఊరి నుంచి కాగితం తేవాలట. అతను వచ్చి ఒంగోలు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసరికి ఏడాది దాటింది. అప్పటికి మూడు నెలల పాప చెల్లి చంకలో ఉంది. ఆ కాగితాల మీద హైదరాబాదులో ఒక ముద్ర, ఢిల్లీలో ఇంకో ముద్ర పడాలి. మా ఆయన అన్నం ముందు కూర్చుని అంటుండేవాడు, నేను మద్రాసు హార్బరులో దించే రాయి నెల తిరక్కుండా చైనా చేరుతుంది, రాయికి లేని అడ్డం మనిషికేంటో అని.

నాకు పెళ్ళయి పదేళ్ళు దాటినా పిల్లలు లేరు. ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. చెల్లి మళ్ళీ ఆఫీసులో చేరాక పాప పగలంతా నా దగ్గరే. నీళ్ళు పోసేది నేను, ఉగ్గు పెట్టేది నేను, నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటే నా ముఖంలోకి చూస్తూ నిద్రపోయేది. చిన్న కళ్ళు, గుండ్రటి ముఖం, అచ్చం తండ్రి. నా పోలిక ఒక్కటీ లేదు, ఉండే వీలూ లేదు. అయినా బజారుకు ఎత్తుకుని వెళ్ళినప్పుడు తెలియనివాళ్ళు మీ అమ్మాయా అంటే అవునని తలూపేదాన్ని. మొదట్లో విడమరిచి చెప్పడం ఎందుకులే అని, తరువాత్తరువాత అలా అనిపించుకోవడం కోసమే బజారుకు వెళ్ళేదాన్ని.

రెండోసారి కాగితాలు ఢిల్లీకి పంపిన వారంలోనే, గురువారం నాడు, చెల్లి నన్ను వెంటబెట్టుకుని మా ఊరికి కాస్త దూరంలో ఉన్న దర్గాకు వెళ్ళింది. మా వైపు వాళ్ళకు కొత్త కాదు, ముసల్మానులనేముంది, పత్తి చేలల్లో పనిచేసే అమ్మలక్కలందరూ వెళ్ళేవాళ్ళే. వలీ గారి గోరీ చుట్టూ పాత చెక్క జాలీ, దానికి చెక్క కనపడనంతగా ఎర్ర దారాలు. మనసులో ఒకటి కోరుకుని దారం కట్టాలి, అది నెరవేరితే వచ్చి ముడి విప్పాలి. గుమ్మంలో కొన్న ఒకే ఉండలో నుంచి చెల్లి సగం తుంపి నాకిచ్చింది. ఇద్దరం ఒకే మూల, పక్కపక్కనే కట్టాం. చెల్లి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంటే ఏం కోరుతోందో వినిపిస్తూనే ఉంది. నేను మాత్రం, అల్లా మన్నించుగాక, పాప నన్ను విడిచి వెళ్ళకూడదని కోరుకున్నాను. అనుకోకుండా మనసులో మెదిలిన మాట కాదది. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ అదే అనుకుంటూ వెళ్ళి, అదే అనుకుంటూ ముడి వేశాను.

ఇద్దరి కోరికా నెరవేరింది. చెల్లికి వీసా వచ్చింది, పాపకు రాలేదు. తండ్రి చైనా వాడు కాబట్టి బిడ్డ మా దేశస్థురాలే, మీ పాస్‌పోర్టు మీద మేం వీసా వెయ్యం అని చైనా వాళ్ళన్నారు. ఇక్కడ పుట్టింది, తల్లి ఇక్కడిది, కాబట్టి మా బిడ్డేనని వీళ్ళన్నారు. రెండు దేశాలూ నాదంటే నాదని పట్టుకున్నాక పాప ఎటూ కదలకుండా నా ఒళ్ళో మిగిలిపోయింది. తనకు వేరే కాగితమేదో తీయాలి, కొన్ని నెలలు పడుతుందన్నారు. ఈలోగా చెల్లి వీసా గడువు దాటిపోతే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. చెల్లి రెండు రాత్రులు ఏడ్చి, మూడో రోజు పెట్టె సర్దుకుంది. బస్సెక్కే ముందు పాపను నా చేతుల్లో పెట్టి, "నువ్వున్నావని ధైర్యంగా పోతున్నానక్కా," అంది. దాని ముఖంలోకి చూడలేక నేను పాప గౌను సర్దుతూ నిలబడ్డాను. బస్సు కదిలాక ఇంటికి వస్తూ నా నడక ఎంత తేలిగ్గా ఉందో నాకే తెలిసి సిగ్గేసింది.

కొన్ని నెలలన్నది మూడేళ్ళకు పైనే అయింది. అక్కడ చెల్లికి ఏడాదికొకసారి ఉండే అనుమతి పొడిగించుకోవాలట, ప్రతిసారీ మరిది పని మానుకుని పక్కన వచ్చి నిలబడి ఈమె నా భార్య అని చెప్పాలట. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇక్కడ ఆఫీసు బిల్లులన్నీ తనే చూసిన పిల్ల, అక్కడ అత్తగారి వెనకాల సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్ళి ఒక్కో కూర పేరూ నేర్చుకుంది. ఇవన్నీ ఆదివారాలు ఫోనులో చెప్పేది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫోను బూత్‌లో అద్దాల గదిలో నిలబడితే ఎదురుగా బిల్లు చూపే ఎర్ర అంకెలు గుండెలదిరేలా తిరిగేవి. ఆ కాస్త వ్యవధిలో అది పాపతో మాట్లాడాలని తపించేది. అమ్మ మాట్లాడుతోంది, అమ్మా అను, అని నేను రిసీవరు చెవి దగ్గర పెడితే, పాప నా వైపు తిరిగి నన్నే "అమ్మా" అనేది. అవతల చెల్లి అది తననే అనుకుని ఏడ్చేది. నేను దిద్దలేదు, ఏమని దిద్దను?

మధ్యలో ఒక్కసారి వచ్చి నెల రోజులుంది. పాప దాని దగ్గరికి వెళ్ళలేదు, నా చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని బొమ్మ మాత్రం అందుకుంది. పోనీలే అక్కా, కొత్త కదా, అలవాటవుతుందిలే అని అది నాకే సర్దిచెప్పింది. నాకు బాధ కలగలేదని చెప్పను, కాని బాధకంటే ముందు కలిగింది సంతోషం.

చివరికి పాప కాగితం వచ్చింది. ఉండే అనుమతి పొడిగింపుకిచ్చిన చెల్లి పాస్‌పోర్టు అక్కడి ఆఫీసులోనే ఉండిపోవడంతో, అది రాలేక మరిది ఒక్కడే వచ్చాడు. బయలుదేరడానికి ముందు చెల్లి ఫోను చేసింది. అప్పటికి మా ఇంట్లో సెల్లు వచ్చేసింది కాబట్టి తీరిగ్గా మాట్లాడింది, పాపకు ఏం ఇష్టం, ఏ పక్కకు పడుకుంటుంది, కథ ఏది చెబితే నిద్రపోతుంది, అన్నీ నన్నే అడిగి తెలుసుకుంది. కన్నతల్లి తన బిడ్డ గురించి నన్ను అడుగుతుంటే ఒక్కొక్కటే చెప్పాను. ఆఖరున, "ఇప్పటికి మొక్కు పూర్తిగా తీరింది, నా దారం నువ్వే విప్పెయ్యక్కా. నువ్వు కూడా నా కోసమే కట్టావుగా, నీదీ విప్పు," అంది.

మరునాడే వెళ్ళాను. ఆ మూల మా రెండు ముడులూ వెలిసిపోయి పక్కపక్కనే ఉన్నాయి. చెల్లిది విప్పాను. రెండోదాని మీద వేళ్ళు పెట్టి చాలాసేపు నిలబడి, విప్పకుండా వచ్చేశాను. మద్రాసు విమానాశ్రయంలో తండ్రి ఎత్తుకుని లోపలికి తీసుకెళుతుంటే పాప అతని భుజం మీదుగా చేతులు చాపి అమ్మా అమ్మా అని అరిచిన అరుపు అద్దాల తలుపు మూసుకున్నాక వినపడడం మానేసింది. కనపడుతూ మాత్రం ఉంది. కొత్త ఊళ్ళో ఆరు నెలలు అది చెల్లి చేతి ముద్ద తినలేదట. చెల్లి ఈ సంగతి నాకు చెప్పిందే ఎన్నో ఏళ్ళ తరువాత, అదీ నవ్వుతూ చెప్పింది.

ఇప్పుడా పాప ఉద్యోగం చేస్తోంది. చదువులని కొన్నాళ్ళు, ఆ తరువాత కరోనాకు దారులన్నీ మూసేశారని కొన్నాళ్ళు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేకపోయింది. పుట్టిన దేశానికి రావడానికి దానికిప్పుడు వీసా కావాలి. కానిస్టేబులు వచ్చి వెళ్ళిన రాత్రి ఫోనులో కనిపించి, తడబడే తెలుగులో, నువ్వు దారం కట్టబట్టే మాకు వీసాలొచ్చాయని అమ్మ ఎప్పుడూ చెబుతుంది, నాకూ ఒకటి కట్టు పెద్దమ్మా, అంది. దాని వెనకాల చెల్లి జుట్టు నెరిసిన తల ఊపుతూ నవ్వుతోంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, భోజనాలయ్యాయా అని అడిగాను.

గురువారం దర్గాకు వెళ్ళాను. మా ఊరి గ్రానైటే నేలంతా పరిచారు, అద్దంలా మెరుస్తోంది. చెక్క జాలీ లేదు, దాని చోట స్టీలు కడ్డీలు పెట్టారు. పాత దారాలేమయ్యాయని అక్కడ ఊదొత్తులు వెలిగించే పెద్దాయన్ని అడిగితే, జాలీతో పాటే తీసేశారమ్మా, ఎవరివేవో ఎవరికి తెలుసు, అన్నాడు. చెల్లికి నిజం చెప్పే రోజంటూ వస్తే, ముందు ఆ ముడి విప్పి, తరువాత చెబుదామనుకునేదాన్ని. విప్పడానికి ఇప్పుడది లేదు.

కొత్త దారం కట్టబోతే నున్నటి స్టీలు మీద ముడి నిలవక కిందికి జారిపోయింది. కడ్డీ చుట్టూ రెండు మెలికలు తిప్పి, పళ్ళతో లాగి బిగించాను. పాపకు వీసా రావాలి, చెల్లి బిడ్డ క్షేమంగా వచ్చి క్షేమంగా తిరిగి వెళ్ళాలి అని కోరుకుందామని దారంతా అనుకుంటూ వెళ్ళినదాన్ని, తీరా కళ్ళు మూసుకున్నాక వీసా రావాలి అన్నంతవరకే అనగలిగాను. తిరిగి వెళ్ళాలి అన్నది నోటికి రాలేదు.