పంక్తి చివర కూర్చున్న మా తమ్ముడు

మంగళవారం, పగలు ఒంటిగంటా పది నిమిషాలు. 2011, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. గడియారం చూసి గుర్తుపెట్టుకున్నదే రాస్తున్నాను.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వచ్చినవాళ్ళందరినీ పంక్తుల్లో కూర్చోబెట్టి వడ్డిస్తున్నాం. మా పక్కింటి సుజాతది గుంటూరు. అయినా బిందెడు మజ్జిగ కలిపి నాతో వచ్చింది.

మా తమ్ముడు యాదగిరి పొద్దున చంపాపేట్‌లో ఇంటి దగ్గరే ఆగిపోయాడు. ఏళ్ళుగా మూతవేసి ఉన్న నీళ్ళ సంపు కడిగి వస్తానన్నాడు. ఒంటిగంటా పదికి పంక్తి చివర కనిపించాడు. విస్తరిలో అన్నం పెట్టాను. ముట్టలేదు. నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు.

"అక్కా, గాలి ఆడ్తలేదు. జర ఇంటికి పోదాం పా."

"ఇంక సగం పంక్తి ఉంది తమ్మీ. నువ్వు నడువు, నేనొస్త."

పప్పు గిన్నె చెయ్యి మార్చుకుని చూస్తే అన్నం అలాగే ఉంది, మనిషి లేడు. ఆంధ్రా మజ్జిగ తాగాల్సొస్తుందని మీ తమ్ముడు లేచి వెళ్ళిపోయాడేంటండీ, అని సుజాత నవ్వింది. అంటే ఆమె కూడా చూసింది. చేతులు వడ్డిస్తూనే ఉన్నాయి గాని, నా మనసు నిలవలేదు.

బస్సుల్లేవు. పని ముగించి, నడిచి, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాను. సంపు మూత తీసి ఉంది. పక్కన వాడి చెప్పులు. లోపల వాడు, ప్రాణం లేకుండా. పొద్దున ఎనిమిదింటికి వాడు దిగడం చూసి పైవాటా ఆమె పనికి వెళ్ళిపోయిందట.

మూసి ఉన్న సంపులో తుప్పు, కుళ్ళు కలిసి గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. దిగగానే పోయి ఉంటాడని అందరూ అన్నారు. నేనూ అలాగే సర్దుకున్నాను. పంక్తిలో నేను చూసింది అప్పటికే పోయినవాణ్ణి, ఇక చేయగలిగింది లేదు.

నెల తర్వాత, శవపరీక్ష చేసిన డాక్టరమ్మ ఆ ఊరట తీసేసింది. ఆక్సిజన్ అందక చచ్చే మెదడు కణాలు ముడుచుకుపోతాయట, రంగు అద్ది చూస్తే ఎర్రగా కనిపిస్తాయట. గుండె వెంటనే ఆగిపోతే ఆ మార్పు రాదు. స్పృహ లేకపోయినా ప్రాణం ఉండాలి, గంటలు గడవాలి. వాడి కణాలు ఎర్రబడ్డాయి.

"కనీసం ఆరు గంటలు బతికే ఉన్నాడమ్మా," అంది.

ఎనిమిదికి ఆరు కలిపితే మధ్యాహ్నం రెండు.

సంపులో పడి ఉన్నవాడు పంక్తిలో ఎట్లా కూర్చున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. చౌరస్తా నుంచి మా ఇంటికి నడక ముప్పావు గంట.

పోయినవి: ఒక విస్తరి అన్నం. ఒంటిగంటా పది నుంచి రెండు దాకా, యాభై నిమిషాలు. యాదగిరి, నలభై ఒకటో ఏట.