పళ్ళ మధ్య తాడు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అల్లాహ్ దయవల్ల ఆ భయం లేని ఇంట్లో పెరిగాను. ఇది రాయడానికి ఇన్నాళ్ళు జంకింది అందుకే.

నేను బడికి పోలేదు. హైదరాబాద్‌లో మా అమ్మ తండ్రి, నానా, ఇంట్లోనే చదువు చెప్పారు. అయిదారు వందల ఏళ్ళ కిందటి ఒక అరబ్ నావికుడంటే ఆయనకు ప్రాణం. తాతా తండ్రీ నడిచిన సముద్రపు దారులకు తను నేర్చినవి కలిపి, నావికులకు నోటికి వచ్చేలా పద్యాలు కట్టాడట. ఆ కాలపు కొలపలక ఒకటి నానా నాకు చేసిచ్చారు. చిన్న చెక్క, దాని మధ్యలోంచి ముడుల తాడు. ముడిని పళ్ళతో పట్టి, తాడు బిగిసేలా చెక్కను ముందుకు చాచి ధ్రువ నక్షత్రం ఎత్తు చూడాలి. ఒక్కో ముడి ఒక్కో రేవు దగ్గర ఆ చుక్క ఎత్తుకు గుర్తు. పలక ముట్టేముందు ఆ నావికుడి పేర ఫాతిహా ప్రార్థన చదవాలనేవారు.

ఇప్పుడు మేముంటున్న సింగపూర్‌లో ఆ చుక్క నీటి అంచునే ఉంటుంది, కనబడదు. పలకతో పనే లేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం మావారు అద్దె మోటారు పడవలో నన్నూ, తొమ్మిదేళ్ళ సఫియానూ దక్షిణ దీవులకు తీసుకెళ్ళారు. పిల్లకు చూపిద్దామని పలక వెంట తెచ్చాను. తిరిగి వస్తుంటే మధ్యాహ్నం వాన కమ్మేసింది. దారి చూపే తెర ఆరిపోయింది, ఫోన్లు తడిసిపోయాయి. పక్కనే పెద్ద ఓడల దారి. వాటి కూతలు ఎటునుంచి వస్తున్నాయో తెలియలేదు.

మావారు ఇంజను తగ్గించారు. "ఎటు పోవాల్నో సమజైతలేదు" అన్నారు మెల్లగా.

సఫియా నన్ను గుంజింది. "అమ్మీ, ఆ బోర్డ్ పెట్టి చూడు లా" అంది తన సింగపూర్ యాసలో.

పట్టపగలు, వానలో, చుక్కెక్కడిది? పిల్ల బెదరకూడదని తీశాను. పొద్దున చూపించినప్పుడు ఫాతిహా మరిచానని అప్పుడు గుర్తొచ్చింది. చదివి, ముడి కరిచాను.

తాడు బిగిసింది. నా తలను ఎడమకు లాగింది. వదలబోతే దవడ తెరుచుకోలేదు. నోట్లో నెత్తురు రుచి. మావారు నా ముఖం చూశారు, పడవను ఎడమకు తిప్పారు.

నిమిషం కాకుండానే మేమున్న చోటు మీదుగా ఒక ట్యాంకర్ ఓడ సాగిపోయింది. దాని గోడ ఎంతకీ అయిపోలేదు.

మర్నాడు లిటిల్ ఇండియాలో పళ్ళ డాక్టరమ్మ నా ముందరి పన్ను కదిలించి చూసి, దేన్ని కరిచి లాగారని అడిగింది. భయంలో నా చేతులే అంత గట్టిగా లాగి ఉంటాయని మావారు అన్నారు. నాకూ అదే నయమనిపించింది.

సఫియా మాత్రం తల అడ్డంగా ఊపింది. "అమ్మీ రెండు చేతులతో నన్ను పట్టుకుంది."

రోజూ అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకుంటాను. పలక అవతల ఎవరున్నారో నాకు ఈనాటికీ తెలియదు. పిల్ల చూసిందేమో. అడగాలంటే భయం.