ముల్లంగి అంటే పడని వేరు

పరాయి దేశంలో, యీషున్ అనే పేటలో మా ఎదురు ఫ్లాట్ చైనీస్ ఆంటీ హాల్లో, దేవుడి అర పక్కన, అద్దం మూతున్న పెట్టె ఒకటి ఉండేది. లోపల ఎర్ర పట్టుగుడ్డ మీద ఎండిన జిన్సెంగ్ అనే మందు వేరు పడుకుని ఉండేది. పడుకుని అనే అనాలి మరి. దానికి రెండు చేతులు, రెండు కాళ్లు, మెడ, గడ్డంలా వేలాడే సన్నటి పీచు, అన్నీ ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ముసలాయన్ని ఎండబెట్టి దాచారేమో అనిపించి వెనక్కి తగ్గాను.

నా బెదురు చూసి ఆంటీ వాళ్లాయన, అంకుల్, పడీపడీ నవ్వాడు. ఆ వేరు కథ చెప్పింది కూడా ఆయనే. ఎక్కడో ఉత్తరాన చలికొండల్లో పెరుగుతుందట. వెతకబోయేవాళ్లు గట్టిగా మాట్లాడకూడదట. మొక్క కనపడగానే కాడకి ఎర్రదారం కట్టెయ్యాలి, లేకపోతే చిన్నపిల్లాడిగా మారిపోయి అడవిలోకి పరిగెడుతుందట. ఒక్క పీచు తెగినా బలం పోతుందని, ఇనుము తగలనివ్వకుండా ఎముక పుల్లతో మట్టి తోడతారట. పెట్టెలో ఉన్నదాని మెడకీ ఎర్రదారం ఉంది.

"ఇప్పుడు దారం విప్పితే పారిపోతుందా అంకుల్?" అని అడిగాను.

"ఎక్కడికి వెళ్తుంది లా? ట్రైన్ కార్డు లేదు కదా!" అన్నాడు, అక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా.

అప్పట్లో ఐటీ మంచి ఊపు మీద ఉంది. నేను ప్రోగ్రామర్‌ని. మా ఆఫీసులో ఎవరైనా ఒకే కంపెనీలో ఏడాది దాటి ఉంటే, పాపం ఏమైందో అన్నట్టు చూసేవాళ్లు. అలాంటి రోజుల్లో, పెళ్లినాడు పుట్టింటివాళ్లు ఇచ్చిన వేరుని ముక్క కూడా తుంచకుండా తల నెరిసేదాకా దాచిన ఆంటీని చూస్తే నాకు అబ్బురంగా ఉండేది. దేనికి దాచారని అడిగితే చాలా మామూలుగా చెప్పింది. ఇంట్లో ఎవరైనా పోయేముందు నాలుక కింద ఒక ముక్క పెడతారట. దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా ప్రాణం ఆగుతుందట. మనం తులసి నీళ్లు పోసేది ప్రాణం సుఖంగా వెళ్లాలని. వీళ్లేమో కాసేపు ఆగమని బతిమాలుతున్నారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు లండన్‌లో, నాలాగే కంప్యూటర్ల ఉద్యోగంలో ఉంది.

ఆ ఏడాది మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి నా దగ్గర ఉంది. అమ్మకీ ఆంటీకీ ఒక్క భాషా కలవదు. అయినా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. అంకుల్‌కైతే అమ్మ చేసే ముల్లంగి పులుసు అంటే ప్రాణం. అన్నం అక్కర్లేదు, గిన్నె ఎత్తి సూప్ తాగినట్టు తాగేసేవాడు.

ఆయనకి ఎప్పట్నుంచో ఉన్న ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఇక చేసేదేం లేదని డాక్టర్లు చెప్పాక, ఇంటికే వెళ్తానని పట్టుబట్టి ఆస్పత్రి నుంచి వచ్చేశాడు. కూతురు బయల్దేరింది, మర్నాడు పొద్దున దిగుతుంది. అప్పటిదాకా ఆయన ఉంటాడా అన్నదే ఆంటీ బెంగంతా. పెట్టె ముందు తల వంచి, మూత తీసి, ఎర్రదారం విప్పి, వేరుని ఆవిరి మీద మెత్తబరిచింది. దాని ఎడమ చేతిని పల్చటి ముక్కలుగా కోసి, ఒకటి ఆయన నాలుక కింద పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. అన్నాళ్లు దాచుకున్నదాని మీద కత్తి పెడుతూ కూడా ఆవిడ మొహంలో ఎక్కడా మమకారం లేదు. ఎంత గట్టి మనిషో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మ ఊరుకుందా? "ఆయన నోరు చేదెక్కి ఉంటది, నాలుగు చుక్కలన్నా నాలిక్కి రాయమను" అంటూ ముల్లంగి పులుసు కాచి నా చేతికిచ్చింది. ఆంటీ మూత తీసింది. మరుక్షణం ఠప్పున మూసి, గిన్నె నా చేతుల్లోకి నెట్టి, తలుపేసేసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె తెచ్చి గట్టు మీద ధన్‌మని పెట్టాను. కాసేపటికి ఆంటీయే వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. జిన్సెంగ్ తిన్నవాళ్ల నోట్లో ముల్లంగి పడితే దాని బలమంతా విరిగిపోతుందట.

"ఆయనకి వాసన తగిలితే అడుగుతాడు. అడిగితే నేను కాదనలేను. సారీ లా" అంది.

ఆవిడ వెళ్లాక అమ్మతో వాదనకి దిగాను. ముల్లంగికీ ఆ వేరుకీ సంబంధమేంటి, ఎవరు చూశారు, ఎవరు రుజువు చేశారు అని.

"నిజమో కాదో మనకెందుకే? మొగుడు నోరు తెరిచి అడిగితే ఆవిడేం కావాల?" అంది అమ్మ.

అంటూనే పులుసు కవర్లో పోసి మూతి కట్టింది. ఫ్రిజ్‌లో మిగిలిన ముల్లంగులు కూడా తీసింది. అన్నీ నాచేత కిందికి చెత్త జారవిడిచే గొట్టంలో పడేయించి, గిన్నె చింతపండు పెట్టి తోమి, కిటికీలన్నీ తెరిచి అగరొత్తులు వెలిగించింది. అన్నం మెతుకు కింద పడితే ఏరుకునే మనిషి! ఆ పూట మా అమ్మని చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

పొద్దున్నే వాళ్లమ్మాయి విమానం దిగి సూట్‌కేసుతో సహా నేరుగా వచ్చింది. అంకుల్ కళ్లు తెరిచాడు. కూతుర్ని గుర్తుపట్టాడు, చెయ్యి పట్టుకున్నాడు, చిన్నగా ఏదో అంటే ఇద్దరూ నవ్వారు కూడా. మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు. ఆయన్ని ఆపింది వేరా, కూతురి మీద ప్రేమా, నేను చెప్పలేను. వాదించే ఓపికా లేకపోయింది. ఆంటీకి మాత్రం రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

కర్మకాండలన్నీ అయ్యాయి. మా అమ్మ తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుంటే ఆంటీ ఆ పెట్టె పట్టుకొచ్చింది. ఎడమ చెయ్యి లేని వేరు, మెడకి మళ్లీ ఎర్రదారం. పెట్టెని అమ్మ చేతుల్లో పెట్టి నావైపు తిరిగింది.

"మీ అమ్మకి చెప్పు. కూతురు ఇక్కడ, తను అక్కడ. దగ్గర ఉంచుకోమను."

నేను చెప్పకుండానే అమ్మకి అర్థమైంది. పెట్టెని కళ్లకద్దుకుంది. కాసేపు ఆ వేరునే చూసి, "మనూరి నుంచి కబురందితే నువ్వు రావడానికి ఎంతసేపు పడతదే?" అని అడిగింది.

"విమానంలో నాలుగ్గంటలు. ఆపైన బస్సు."

"అయితే మనకి ఒక్క ముక్క చాల్లే" అంది అమ్మ, పెట్టె ఆంటీ చేతికి తిరిగిస్తూ. "మిగతాది ఆవిణ్ణే ఉంచుకోమను. లండన్ శానా దూరం."