కడప బండ మీద నాన్న డోలు

మా నాన్న డోలు వాయించేవాడు. నెమలి ఊరి తిరునాళ్లలో ఆయన మేళం మొదలైతే జనం బజ్జీల కొట్లు వదిలేసి వచ్చేవారు. ఆ మేళం మద్రాసు వెళ్లి ఒకే ఒక్క రికార్డు ఇచ్చింది. నాన్న పోయాక ఆయన చప్పుడంటూ మాకు మిగిలింది అదే. తిరువూరులో మా ఇంట్లో దాన్ని ఎన్నిసార్లు పెట్టినా అమ్మది ఒకటే మాట.

"సన్నాయి వినపడుతోందిరా. మీ నాన్నేడి?"

అమ్మకు వినికిడి తగ్గుతోంది. అది పూర్తిగా పోయేలోపు ఆమెకు నాన్నను వినిపించాలని నా పంతం.

ఈమధ్య ఆ రికార్డునే మళ్లీ కొత్తగా విడుదల చేశారు. విస్సన్నపేటలో ఉండే మా అక్క భర్త, అంటే బావ, చెవిలో జోరీగలా మొదలుపెట్టాడు. ఏడాదికోసారి స్పీకర్లు మార్చకపోతే ఆయనకు నిద్రపట్టదు.

"కొత్త రికార్డు కొనరా. నా పెద్ద స్పీకర్లు తగిలిద్దాం. మావయ్య నడుచుకుంటూ హాల్లోకి వచ్చేస్తాడు."

"పాత పచ్చడికి కొత్త తాలింపు, బావా. అసలుది నా దగ్గరుంటే నకలెందుకు?" అన్నాను. నాకు గీర ఎక్కువ, ఒప్పుకుంటాను.

విజయవాడ నుంచి కొత్త ముల్లు మాత్రం తెప్పించి ప్లేయర్‌కి బిగించాను. సన్నాయి తేటగా పలికింది. డోలు దగ్గరికొచ్చేసరికి ఒకటే గరగర. అప్పుడు వెలిగింది నాకు. కుర్రతనంలో, నాన్న ఒంటరిగా వాయించే ఆ ముక్కనే అరిగిన ముల్లుతో వందలసార్లు తిప్పింది నేనే. నాన్నను అరగదీసింది నేనే. ఆ పూట అన్నం సయించలేదు.

నేను అడక్కుండానే బావ కొత్త రికార్డు, పెద్ద స్పీకర్లు ఆటోలో వేసుకుని దిగాడు. అన్నీ తగిలించి పెట్టాడు. డోలు మొదలవగానే గదంతా గుమ్మంటూ మోత.

"బయట లారీ ఏమన్నా ఆగిందా?" అంది అమ్మ.

బావ మొహం మాడిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక ప్లేయర్ కింద చెయ్యి పెట్టి చూశాను. అది ఉండేది ఖాళీ ట్రంకు పెట్టె మీద. దుప్పటి కప్పి ఏళ్ల తరబడి దాన్నే బల్లగా వాడుతున్నాం. పెట్టె రేకు గడగడా వణుకుతోంది. మా ట్రంకు పెట్టె కూడా మేళంలో చేరిపోయిందన్నమాట!

వంటగట్టు కట్టించినప్పుడు మిగిలిన కడప బండ పెరట్లో ఉంది. అమ్మ దాని మీద చేపలు తోమేది. బావా నేనూ దాన్ని మోసుకొచ్చి నేలమీద పరిచి, ప్లేయర్‌ని దాని మీదికి దించాం. స్పీకర్లు నా పాతవే తగిలించి, బావ తెచ్చిన రికార్డునే మళ్లీ పెట్టాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, పెరటి బండ మాత్రం పనికొచ్చింది. డోలు మీద కర్ర దెబ్బ, వేళ్ల దెబ్బ దేనికది విడిగా మోగాయి. నాకు మీసం లేదు గానీ, ఉంటే మెలేసేవాణ్ణి.

"ఏం బావా, మీ స్పీకర్లు మళ్లీ ఆటో ఎక్కిద్దామా?"

"ముందు నా రికార్డుకి దణ్ణం పెట్టు."

చెంపలేసుకుని మరీ పెట్టాను.

అమ్మ మా ఇద్దరినీ పట్టించుకోవడం లేదు. కుర్చీలోంచి ముందుకు వంగింది. నాన్న ఒంటరిగా వాయించే చోటు వచ్చింది. లయ పరుగందుకుంది. అమ్మ ప్లేయర్ వైపు చెయ్యి చాపి, నాన్న పోయాక మేమెన్నడూ వినని గొంతుతో కసిరింది.

"ఏంటయ్యా ఆ తొందర? కాస్త నిదానంగా వాయించు!"