ఏడాది ఆగమన్న డాక్టరమ్మ

మా పెద్దమ్మాయికి అప్పుడు ఇరవై రెండేళ్లు. గుడివాడలో కాపురం, ఇంకా పిల్లల్లేరు. తెల్లబట్ట అవుతోందంటే బందరు ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పరీక్ష చేయించి, కాగితం వచ్చాక పిలిచింది.

"గర్భసంచి ముఖద్వారం దగ్గర కొద్దిగా మార్పు ఉందండి. క్యాన్సర్ కాదు. ఈ వయసులో చాలామందికి దానంతటదే పోతుంది. ఏడాది ఆగి మళ్లీ చూద్దాం."

ఆగడమా! నేను గిలకలదిండి చేపల రేవులో వేలంపాటకి వెళ్లి చేపలు కొని ఊళ్లో తిరిగి అమ్మేదాన్ని. ఆగితే బాగుపడే సరుకు ఎన్నడూ చూడలేదు.

"సంచి తీసేయండమ్మా, పీడా పోతుంది. మా వీధిలో ఎవరికుంది గనక! నాకూ తీసేశారు" అన్నాను.

అమ్మాయి నా జబ్బ గిల్లింది. "నీది పోయింది చాలక నాదీనా? నాకు పిల్లలు కావాలే అమ్మా!"

"మార్పు ముదిరితే ఆ ఒక్క చోటే వైద్యం చేస్తాం. సంచి తీయక్కర్లేదు" అంటూ డాక్టరమ్మ చీటీ మీద రావాల్సిన తేదీ రాసిచ్చింది.

రెండు నెలలు కూడా ఊరుకోలేకపోయాను. గుడివాడ వెళ్లి అమ్మాయిని వెంటబెట్టుకుని, డాక్టరమ్మకని ఒక మంచి పండుగప్ప చేపతో సహా మళ్లీ ఆస్పత్రికి వెళ్లాను.

"చీటీలో ఏముందో చదవండి" అంది డాక్టరమ్మ.

అప్పుడప్పుడే పేటలోని వయోజనుల బడిలో చదువు నేర్చుకుంటున్నాను. కూడబలుక్కుని చదివాను.

"ఆ రోజు ఇవాళేనా?"

"కాదండి."

వరండాలో ఆడవాళ్లందరూ నవ్వారు.

"ఇప్పుడే చూస్తే ఏమీ తెలియదండి. ఆ చేప కూడా పట్టుకెళ్లండి."

బయటికొచ్చాక అమ్మాయి, "దాన్నన్నా ఏడాది ఆపకు. ఇవాళే పులుసు పెట్టు" అంది.

ఆ తర్వాత అది పుట్టింటికి వచ్చినప్పుడల్లా దాని మొహం వంకే చూసేదాన్ని. "అది మొహంలో కనపడదే అమ్మా!" అని విసుక్కునేది. మోపిదేవి గుడికి వెళ్లి మొక్కుకున్నాను కూడా.

చెప్పిన తేదీకి మళ్లీ పరీక్ష చేశారు. వారానికి కాగితం వచ్చింది. అంతా ఇంగ్లీషు. డాక్టరమ్మ చదివి తలెత్తింది.

"మార్పు పోయిందండి. పిల్లల్ని కనొచ్చు. పరీక్షలు మాత్రం మానొద్దు."

ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. మూడోసారి అడగబోతుంటే అమ్మాయి నన్ను బయటికి లాక్కొచ్చి, వరండాలోనే గట్టిగా పట్టుకుంది.

"పిల్ల పుడితే నీ దగ్గరే వదిలేస్తా. చేపల బుట్ట మానేసి చూసుకోవాలి."

"మానను. దాన్నీ వేలంపాటకి తీసుకెళ్తా."

"మా అత్తగారు వింటే ఊరుకోదు!"

"ఆవిడనీ రమ్మను."

నవ్వు ఆపుకోలేక ఇద్దరం మెట్ల మీదే కూలబడ్డాం.